ఎండకు పెట్టిన సెల్లు

జమ్మికుంట దారిలో, పత్తిలోంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో గేటు కాపలా నాది. పత్తికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే లోపలికి వచ్చేవాళ్ల దగ్గర లైటర్లు, పత్తిలో ఇనుప ముక్కలు ఉన్నాయేమో చూడమని నాకో చేతి మిషన్ ఇచ్చారు. లోహం దగ్గరికి వెళ్తే కూస్తుంది. ఆడవాళ్ల మట్టెలకు కూసేది, మగవాళ్ల మొలతాడు బిళ్లకూ కూసేది. ఆ గోల పడలేక, కూతకు బదులు చేతిలో వణికేలా మార్చుకున్నాను. వణుకుడుతో లోపలి బ్యాటరీ సెల్లు తొందరగా అయిపోతుందని కొద్దిరోజుల్లోనే తెలిసింది. అయినా మార్చలేదు.

సెల్లు నీరసపడితే కొత్తది అడిగేవాణ్ణి కాదు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో సెల్లను పెట్టినట్టే గోడ మీద ఎండకు పెట్టేవాణ్ణి. సాయంత్రానికి కొంచెం ప్రాణం వచ్చేది. ఒకసారి దాని అడుగు నుంచి ఏదో జిగటగా కారింది. చొక్కా అంచుతో తుడిచి లోపలే పెట్టేశాను. ఆ తర్వాత మిషన్ దీపం వెలగలేదు. నేను మాత్రం దాన్ని తిప్పుతూనే ఉన్నాను. జనం చేతులెత్తి నిలబడేవాళ్లు, నేను తలూపి పంపేవాణ్ణి.

అలాంటి రోజుల్లోనే ఒక అత్తాకోడళ్లు ట్రాలీలో పత్తి తెచ్చారు. పత్తిని మిల్లు ఆవరణలో కుప్ప పోశాక కోడలు మెడ తడుముకుని అక్కడే కూలబడింది. ఎక్కువ పత్తి పట్టాలని పొద్దున ట్రాలీలో ఎక్కి తొక్కిందట. ఆ తొక్కుడులో పసుపుతాడు తెగి రెండు పుస్తెలూ జారిపోయాయి.

"తాడు పాతదైంది మార్చుకోవే అంటె రేపు రేపు అన్నది," అత్త కేకలేసింది. "మొగడు దుబాయిల ఎండల సచ్చుకుంట పనిజేస్తుండు. ఈమె ఈడ పుస్తెలు పత్తిల తొక్కింది."

"ఫోన్ల ఏం చెప్పాలె అత్తమ్మా ఆయనకు? ఇంతకుముందే దిగులుతోని ఉంటుండు," అంటూ కోడలు ఏడ్చింది.

అందరూ నా వైపు చూశారు. చేతిలో మిషన్ ఉందిగదా. కుప్ప చుట్టూ తిరిగి, దాన్ని పైపైన ఆడించి, "లేదమ్మా. ఇంటికాడనే పడ్డదేమో సూడుండ్రి," అన్నాను. పక్కనే పత్తి కొనే సేటు ఉన్నాడు. ఆయన ముందు సెల్లు అయిపోయిందని ఎలా చెప్పాలి?

హమాలీలు పత్తిని మిల్లులోకి లాగే గాలి గొట్టాన్ని కుప్ప వైపు తిప్పారు. కుప్ప అంచు నుంచి పత్తి లోపలికి పోసాగింది. అత్తాకోడళ్లు ట్రాలీ దాకా నడిచారు. కోడలు మళ్లీ వెనక్కి వచ్చింది.

"అన్నా, జర ఇంకొక్కసారి తిప్పవా? మిషన్ అబద్ధం చెప్పదు గని, నా పానం ఊకుంటలేదు."

అప్పుడు అరిచాను. "గొట్టం బంద్ చేయుండ్రి! దీన్ల సెల్లు సచ్చింది. ఊకెనే తిప్పిన."

"ఊకెనే తిప్పినవా?" అంది అత్త. "గాలికి తిప్పుటానికి అదేమన్న ఇసనకర్రనా?"

సేటు తిట్టాల్సినవి తిట్టి, పత్తి తేమ చూసే మిషన్‌లో సెల్లు ఊడదీసి ఇచ్చాడు. "మా ధర కోసేటప్పుడు మాత్రం గీ సెల్లు ఎన్నడు సల్లవడది," అని అత్త ఆయనకూ ఒకటి అంటించింది.

సెల్లును నాలుకకు ఆనించాను. చురుక్కుమంది, బాగానే ఉంది. మిషన్‌లో పెడితే మాత్రం దీపం రాలేదు. లోపల సెల్లు తగిలే గుండీల మీద తెల్లగా, పచ్చగా చిలుము పేరుకుని ఉంది. ఎండ సెల్లు కార్చిన రసమే అది. బస్తాలు కోసే చాకుతో గీకి, వదులైన గుండీని పట్టకారుతో నొక్కాను. దీపం వెలిగింది. కూత పెట్టి, నా తాళంచెవి మీద ఆడించాను. కూసింది.

అంత చిన్న బంగారాన్ని అది రెండు వేళ్ల ఎడంలోనే పసిగడుతుంది. అంటే, సెల్లు బాగున్నా నేను ఇందాక తిప్పిన తిప్పుడుకు ఏమీ తెలిసేది కాదు. పత్తిని పలచగా పరిపించాను. కోడలు పరుస్తూ పోతుంటే నేను వంగి వెనకాలే వెళ్లాను. ఒకచోట కూసింది. ఆమె రెండు చేతులతో పత్తి విప్పింది. ఒక పుస్తె.

అత్త దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. "ఇది మా ఇంటిది. తల్లిగారిది ఏది?"

కుప్పంతా అయిపోయినా రెండోది కూయలేదు. గొట్టం లాగేసిన పత్తి గింజలు లోపల పడేచోట కూడా చీకటి పడేదాకా వెతికాను. దొరకలేదు.

అంతసేపు తిట్టిన అత్తే చివరికి కోడలి కళ్లు తుడిచింది. "దాని జాగల పసుపుకొమ్ము కడుదం తియ్యి. మల్ల చేపిద్దం. వాని పానం పుస్తెల లేదు. ఎండల తలకు గుడ్డ కట్టుకోని పనిజేస్తే సాలు."

వెళ్లేముందు కోడలు నా దగ్గర ఆగింది. "మేము పోతనే ఉంటిమి. నువ్వు ఆపినవు కాబట్టి అదన్న దొరికింది అన్నా."

నేను నోరు మూసుకుని నిలబడ్డంత సేపూ ఆ గొట్టం పత్తిని లాగుతూనే ఉందని ఆమెకు చెప్పాలనుకున్నాను. కానీ తలూపి, ట్రాలీకి గేటు తీశాను.