పనికొస్తయని పంపినవి

గద్వాల నుంచి కాగితాల చుట్ట వచ్చిన రోజు కుబ్రా బేగం వండిన కూరలో ఉప్పు ఎక్కువవుతుంది. వనపర్తిలో పాలిటెక్నిక్ వెనక సందులో ఉండేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. బస్సు పార్సిల్‌లో వచ్చే ఆ చుట్టను ఆమె భర్త బాబా మోసుకొచ్చి గడప లోపల పెట్టి, తనకేమీ సంబంధం లేనట్టు బయటి అరుగు మీదికి పోయి కూర్చుంటాడు.

చుట్ట పంపేది చెల్లెలు ఫరీదా. గద్వాల కోట దగ్గర ఫరీదాకూ ఆమె మొగుడు మొహసిన్‌కూ పెద్ద ఫ్యాన్సీ దుకాణం ఉంది. అక్కడ అమ్ముడుపోని, రంగు వెలిసిన, అంచులు చిరిగిన గిఫ్టు కాగితాలన్నీ చుట్టగట్టి అక్కకు పంపుతుంది. అక్క చేత్తో గ్రీటింగు కార్డులు చేస్తుంది కదా, అందుకని. పంపాక ఫోనులో ప్రతిసారీ ఒకటే మాట, "ఆపా, నీకు పనికొస్తయని పంపిన."

ఆ పనికొస్తయన్న మాటకే కుబ్రాకు ఒళ్లు మండేది. ఫరీదా ఇంటికి కొత్త ఫ్రిజ్ వస్తే పాతది పనికొస్తుందని ఇక్కడికే. కొత్త పరదాలు కుట్టిస్తే పాతవి పనికొస్తాయని ఇక్కడికే. ఎవరీ ఫరీదా? అమ్మ పోయినప్పుడు ఇంకా పాలపళ్లు ఊడని పిల్ల. చంకనేసుకొని పెంచింది కుబ్రా. పక్కన కూర్చోబెట్టుకొని పలక మీద అలిఫ్, బే దిద్దించింది కుబ్రా. తాను ఉర్దూ బడి ఏడో తరగతితో మానేసి, చెల్లెలిని మాత్రం పెద్ద చదువుకు పంపింది. ఇంత చేసినందుకు చివరికి ఏం మిగిలింది? చెల్లెలి ఇంట్లో పనికిరానివన్నీ వచ్చి పడే మూల తన ఇల్లయింది.

పోనీ ఆ కాగితాలైనా కంటికి ఇంపుగా ఉంటాయా అంటే అదీ లేదు. గుండె బొమ్మను కావలించుకొని పళ్లికిలించే ఎలుగుబంట్లు. ముట్టుకుంటే చేతికంటి, చేతినుంచి అన్నంలోకి రాలే వెండి తళుకులు. వంకాయ రంగు మీద బంగారు గళ్లు, చూస్తే తలనొప్పి. అన్నిటికన్నా ఎక్కువగా, తీగల్లా మెలికలు తిరిగిన ఇంగ్లీషు రాత. ఏ కాగితం చూసినా అదే. కుబ్రాకు ఇంగ్లీషు రాదు. ఆ రాత ఆమె కంటికి గళ్లలాగా, చుక్కలలాగా మరో డిజైను, అంతే.

అయినా పారేసేది కాదు. బాబా బైండింగు దుకాణం నడిచిన రోజుల్లో కాలేజీ పిల్లల రికార్డు పుస్తకాలకు అట్టలు వేసి వేసి ఆమెకు కాగితం మర్మం తెలిసింది. ఇప్పుడు బాబాకు చూపు మందగించి దుకాణం మూతపడినా, మైదాపిండి లై ఉడికించడం, మడత మీద మడత కూర్చడం ఆమె చేతుల్లోంచి పోలేదు. కోపంగా కత్తెర పట్టేది. ఎలుగుబంటి చెవి కోస్తే నెలవంక వచ్చేది. దాని పొట్ట గుండ్రంగా తీస్తే పున్నమి చంద్రుడు. వంకాయ రంగు గళ్లను సన్నగా చీల్చి మసీదు కిటికీ జాలీ అల్లేది. ఇంగ్లీషు రాతనైతే అడ్డంగా, నిలువుగా నరికి పూరేకులు చేసేది. "చూడు, ఈ పిచ్చి కాగితంల నుంచి గిది ఎట్ల పుట్టిందో" అని సందులో అందరికీ చూపించేది. ఈద్ పండుగకైనా, పెళ్లికైనా, గృహప్రవేశానికైనా ఆమె కార్డు కావాలని బజారులో అడిగేవాళ్లున్నారు. ఒక్క ఫరీదా మాత్రం ఏనాడూ అడగలేదు.

ఈ ఏడాది ఫరీదా కూతురు మిస్బాకు సంబంధం కుదిరింది. ఆ మాట తెలిసిన రోజు నుంచీ కుబ్రా ఎదురుచూసింది. మిస్బా పుట్టినప్పుడు ఆ పసి అరచేతిని ముద్దు పెట్టుకొని, నీ పెళ్లికి తొలి మెహందీ నా చేతితోనే పెడతానని అన్నది ఆమే. సెలవులకు ఈ ఇంటికే వచ్చి ఈ కాగితాల మధ్య పొర్లిన పిల్ల. కాబట్టి చెల్లెలు వస్తుంది, మొగుణ్ణి వెంటబెట్టుకొని మిఠాయి డబ్బాతో వస్తుంది, ఆపా నువ్వు లేకుండా ఎట్లా అంటుంది. కుబ్రా మంచి చీర తీసి ఎండలో ఆరేసింది. పరుపుల మీద కొత్త దుప్పట్లు పరిచింది.

ఫరీదా రాలేదు. చుట్ట వచ్చింది.

అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాచడమెందుకు. ఆ చుట్టలోనే మిస్బా పెళ్లి పత్రిక ఉంది. ఇప్పటి ఫ్యాషను కదా, పూర్వపు నవాబుల ఫర్మానాలాగా చుట్టి, చివర ఎర్ర కుచ్చు వేలాడదీసిన పత్రిక. మెరూన్ రంగు మీద బంగారు తీగలు, తీగల్లో కలిసిపోయిన ఇంగ్లీషు. వెతికితే ఒక నెలవంక లేదు, ఒక ఉర్దూ ముక్క లేదు. నలగకుండా ఉంటుందని ఫరీదా దాన్ని మిగతా కాగితాల మధ్య పెట్టి బస్సుకు వేయించింది.

కుబ్రా చుట్ట విప్పింది. ఎలుగుబంట్లు, తళుకులు, గళ్లు, మధ్యలో ఈ మెరూన్ కాగితం. "ఓయమ్మో, దీనికి తోక గూడ ఉన్నది" అని కుచ్చు పట్టి లాగింది. పెళ్లి పెట్టుకొని కూడా పాత కాగితాలే పంపిందని ఆ రోజు కోపం అంతా ఇంతా కాదు. ఆ కోపంతోనే మెరూన్ కాగితాన్ని ముందు పట్టుకొని చరచరా కత్తిరించింది. రేకులయ్యాయి, రేకులు పూలయ్యాయి. మందంగా, గట్టిగా ఉన్న కాగితం, పూలు బాగా నిలబడ్డాయి. మనసులోనే మెచ్చుకుంది గాని పైకి అనలేదు.

రెండు రోజులకు ఫరీదా ఫోన్ చేసింది. వెనక ఒకటే గోల, ఎవరో షామియానా గురించి అరుస్తున్నారు. "ఆపా, చుట్ట అందిందా? అన్నీ చూసినవా?" అని గబగబా అడిగింది.

"అందింది. అన్నీ పనికొచ్చినయ్" అని కుబ్రా ఫోన్ పెట్టేసింది.

అక్కడ ఫరీదా పత్రిక ముట్టిందనుకొని నిమ్మళపడింది. ఇక్కడ కుబ్రా, పెళ్లి ఊసైనా ఎత్తలేదు చూడు దీని పొగరు అని పళ్లు నూరింది. పెబ్బేరు నుంచి దూరపు చుట్టమొకామె వచ్చి, పెళ్లికి ఏ చీర కట్టుకుంటున్నావని అడిగితే కుబ్రా నీళ్లు తెస్తానని లోపలికి పోయింది. ఆ చుట్టానికి కూడా పిలుపు అందిందట. ఫోన్ చేసి ఒక్కమాట అడగరాదా అని బాబా మెల్లగా అన్నాడు.

"అడిగి పిలిపించుకునే గతి నాకింక పట్టలే" అన్నది కుబ్రా. ఆరేసిన చీరను మడిచి పెట్టె అడుగున పెట్టేసింది. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. మిస్బా చేయి ఎవరి ఒళ్లో పెట్టి మెహందీ పెట్టించుకుంటుందో అన్నదే ఆలోచన. కళ్లు తడిసేవి, వెంటనే కోపం వచ్చేది. ఏడుపు కన్నా కోపమే నయమని దాన్నే పట్టుకొని కూర్చున్నది.

శనివారం మధ్యాహ్నం మేడమీద అద్దెకుండే గీత కిందికి వచ్చింది. ప్రైవేటు బడిలో టీచరు. స్నేహితురాలి గృహప్రవేశానికి కార్డు కావాలన్నది. డబ్బాలో ఉన్నవి తిరగేస్తూ మెరూన్ పూల కార్డు దగ్గర ఆగి, వెలుతురుకు పట్టి చూసింది.

"ఖాలా, గీ రేకు మీద మిస్బా అని ఉన్నది."

అది డిజైనని కుబ్రా కొట్టిపారేసింది. డిజైను కాదు, పేరే అన్నది గీత. డబ్బాలో ఉన్న మెరూన్ పూల కార్డులన్నీ తీసి నేల మీద పరిచింది. ఒక రేకులో మొహసిన్ పేరు సగం. ఒక ఆకులో గద్వాల. ఇంకొక దానిలో నిఖా, ఆదివారం అని తేదీతో సహా ఉంది. అంటే రేపే.

కుబ్రా మిస్బా పేరున్న కార్డును చేతిలోకి తీసుకుంది. నన్ను పిలిచింది, నా చెల్లెలు నన్ను మరిచిపోలేదు అని గుండె ఒక్కసారి తేలికైంది. ఆ తేలికదనం ఎంతోసేపు లేదు. పిలిచింది సరే, ఎట్లా పిలిచింది? చెత్త కాగితాల్లో చుట్టి పిలిచింది. ఏ భాషలో పిలిచింది? అక్కకు రాదని తెలిసిన భాషలో పిలిచింది. చదువు చెప్పిన చేతికి చదవరాని పత్రిక పంపడానికి దానికి మనసెట్లా ఒప్పింది? కోపం మళ్లీ మొదటికొచ్చింది, ఈసారి రెట్టింపై.

"పిలిచింది గదా, పోదాం పా" అన్నాడు బాబా.

"పోదాం. గాని పెండ్లికి గాదు" అన్నది కుబ్రా.

గీతకు వేరే కార్డు ఇచ్చి పంపి, మెరూన్ రేకులన్నీ తడిచేసి ఊడదీసింది. పొద్దు గూకేలోగా వాటితో ఒకే ఒక్క కార్డు చేసింది. లోపల తెల్ల కాగితం మీద కలంతో ఉర్దూలో, చెల్లెలికి పలక మీద రాసిచ్చినంత పెద్ద అక్షరాలతో రాసింది.

తెల్లారి మొదటి బస్సెక్కారు. బీచుపల్లి వంతెన మీద బాబా కిటికీలోంచి కృష్ణ వైపు ముఖం పెట్టి కూర్చుంటే, కుబ్రా ఒళ్లోని సంచీని రెండు చేతులతో పట్టుకొని ఏం అనాలో మనసులో కూడబలుక్కుంది. ఏళ్ల తరబడి నోట్లో ఆపుకున్న మాటలు, ఒకటి పోతే ఒకటి ముందుకొచ్చాయి.

ఫరీదా ఇంటి ముందు షామియానా నిండా చుట్టాలే. గేటు దగ్గర పూలవాళ్లతో వాదులాడుతున్న ఫరీదా అక్కను చూసి నిష్టూరంగా, రాత్రి మెహందీకి ఎందుకు రాలేదు, మిస్బా ఒక చేయి ఎవరినీ ముట్టనివ్వక ఖాళీగా పెట్టుకొని కూర్చుందని అన్నది. కుబ్రా ఒకడుగు ముందుకు వేసింది. కాని గేటు దాటలేదు. సంచీలోంచి కార్డు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"చదువు."

ఫరీదా కార్డు తెరిచింది. బిల్లుల ఇంగ్లీషుకు అలవాటుపడిన కళ్లు ఉర్దూ దగ్గర తడబడ్డాయి. చిన్నప్పటిలాగే వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'ఫరీదా, వచ్చే శుక్రవారం కొత్త జంటను తీసుకొని మా ఇంటికి జుమాగీ విందుకు రావాలి. పిలవడానికి నేనే వచ్చాను. కుబ్రా.'

"నేను పెండ్లికి రాలే. పిల్వనీకె వచ్చిన. పిల్చిన. ఇగ పోత" అన్నది కుబ్రా.

ఫరీదా వేలు ఇంకా కార్డు మీదనే ఉంది. ఆ మెరూన్ రంగు, ఆ బంగారు తీగ ఎక్కడివో అప్పుడు పోల్చుకుంది. ఒక రేకు మీద కూతురి పేరు కనబడింది.

"ఆపా, గిది మిస్బా పత్రిక. కోసినవా?"

"కోసిన. ఎలుగుబంట్ల నడుమ ఉన్నది, నాకు రాని రాత ఉన్నది. గిది గూడ ఇంట్ల మిగిలిందే అనుకున్న."

చుట్టాలంతా చూస్తున్నారు. కుబ్రా వెనక్కి తిరిగి అప్పటికే నాలుగడుగులు వేసింది. ఫరీదా పూలవాళ్లను వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చి అక్క రెండు చేతులూ పట్టుకుంది. తప్పయిందని అనబోయి, అది కాదు ఇప్పుడు అనాల్సిందని తోచినట్టు ఆగింది.

"ఆపా, ఇయ్యాల మన మిస్బా పెండ్లి. బావను తీసుకొని రా. నువ్వొచ్చి మెహందీ పెట్టాలె."

గిట్ల పిలవనీకి ఇంత దూరం నేను రావలసి వచ్చిందా అని సణుగుతూనే కుబ్రా చెల్లెలి వెంట గేటు దాటింది. లోపల మిస్బా ఖాళీ అరచేతిని ముందుకు చాపి కూర్చుని ఉంది.

ఫరీదా కార్డును గుండెలకు ఆనించుకొని ఇంకా పక్కనే నిలబడి, దీన్ని దాచుకుంటానన్నది.

"దాచుకో" అన్నది కుబ్రా, మెహందీ కోను అందుకుంటూ. "పనికొస్తది."