ఎర్ర సిరా లేని కాగితం

1967 జూలై 3, సోమవారం నాడు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయురాలిగా చేరాను. ఈ గ్రేడ్ వాళ్లు ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఏ సబ్జెక్టయినా చెప్పాలి. నాకు మూడో తరగతి ఇచ్చారు. మొదటి ఏడాది ప్రొబేషన్. ఆ ఏడాదిలో పేరు మీద ఏ మచ్చా పడకపోతేనే ఉద్యోగం ఖాయమవుతుంది. మాది కర్నూలు. తార్నాకలో అక్కా బావల ఇంట్లో ఉండి, ఉదయం తొమ్మిదింటికల్లా నడిచి బడికి చేరేదాన్ని. డైరీ రాయడం అప్పటికే తొమ్మిదేళ్ల అలవాటు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ ఏటి డైరీ ముందు పెట్టుకునే.

తరగతిలో ముప్పై ఇద్దరు పిల్లలు. ప్రొఫెసరు గారి అబ్బాయీ, అటెండరు కూతురూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. వారానికి రెండు పీరియడ్లు చేతిపని. పాఠ్యప్రణాళికలో దాని శీర్షిక 'పనికిరాని వస్తువులతో చేతిపనులు'. బడి ఇచ్చేది ఆరు కత్తెరలు, ఒక డబ్బా మైదా జిగురు, అంతే. మిగతా సామాను టీచరే సమకూర్చుకోవాలి. దసరా సెలవులకు ముందు ప్రతి బిడ్డా తన చేత్తో చేసిన వస్తువొకటి ఇంటికి పట్టుకెళ్లాలని హెడ్ మిస్ట్రెస్ గారి ఉత్తర్వు. ఎవరు ఏది చేశారో, ఏ సామానుతో చేశారో చేతిపని రిజిస్టర్లో వరుస నంబరుతో రాయాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ రిజిస్టరే.

ఆ ఏడాది కాగితపు లాంతర్లు చేయిద్దామనుకున్నాను. ఇంతకంటే తేలికైన పని లేదు. ఫుల్‌స్కేప్ కాగితం నిలువుటంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీ కోసి పక్కన పెట్టాలి. అది పిడి. మిగిలిన కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి, మడత వైపు నుంచి కోతలు పెట్టుకుంటూ పోవాలి. అంచుకు వేలెడు దూరంలో కత్తెర ఆగాలి. విప్పి, పైకొసనూ కిందికొసనూ కలిపి గుండ్రంగా అంటిస్తే లాంతరు. చిన్న ముక్క కూడా వృథా కాదు.

కాగితం ఎక్కడిదన్నదే సమస్య. అక్టోబరు 5, గురువారం నాడు చరిత్ర శాఖ అటెండరు యాదయ్య మూడు కట్టలు సైకిలు మీద తెచ్చి ఇచ్చాడు. ఆయుధపూజకు ముందు గదులన్నీ కడిగి, బీరువాలు జరిపి, దుమ్ము దులపడం ఆఫీసుల్లో ఆచారం.

"గివన్ని పాతయే టీచరమ్మా. రీడర్ సారు గదిల మూలకు వడి ఉండె. ఊకె చిత్తుల పారేసుడెందుకని తెచ్చిన. పోరగాండ్లకు పనికొస్తయి గద" అన్నాడు.

కాగితాల విషయంలో నాకొక నియమం ఉండేది. ఎర్ర సిరా ఉన్న కాగితం పిల్లల చేతికి ఇవ్వను. మార్కులంటే ఒకరి గుట్టు, అది ఇంకొకరి ఇంట్లో వేలాడకూడదు. మొదటి రెండు కట్టలూ దిద్దిన క్లాసు పరీక్షలు. వాటిలోంచి ఖాళీ కాగితాలు మాత్రమే విప్పి తీశాను. ఇరవై నాలుగు వచ్చాయి. ఇంకా ఎనిమిది కావాలి. మూడో కట్ట తిరగేశాను. అందులో ఎక్కడా ఎర్ర సిరా లేదు. దిద్దని కాగితం ఎవరికీ అక్కర్లేనిదనుకున్నాను. పైనున్న జవాబు పుస్తకం దారం తెంపితే సరిగ్గా ఎనిమిది కాగితాలు. శుక్రవారం చివరి రెండు బెంచీల పిల్లలకు అవే పంచాను. శనివారం పన్నెండింటికి గంట కొట్టగానే ముప్పై రెండు లాంతర్లు ఊపుకుంటూ పిల్లలు వెళ్లిపోయారు.

పన్నెండున్నరకు రీడర్ శేషారెడ్డి గారు వచ్చారు. రీడర్ అంటే లెక్చరర్‌కు పైన, ప్రొఫెసర్‌కు కింద. కడప జిల్లా మనిషి. తలుపు దగ్గరే నిలబడ్డారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. వెనకాల యాదయ్య తల దించుకుని ఉన్నాడు.

"అమ్మా, కట్ట యాడుంది? సప్లిమెంటరీ పేపర్లమ్మా అవి. నేను ఇంకా దిద్దనేలేదు" అన్నారు.

బీరువా తెరిచి మూడో కట్ట ఇచ్చాను. ఆయన వేలు తడుపుకుని లెక్కపెట్టారు. పదిహేడు. మళ్లీ లెక్కపెట్టారు. పద్ధెనిమిది ఉండాలన్నారు. ఆ ఒక్కటీ ఎనిమిది లాంతర్లయి పిల్లల వెంట ఇళ్లకు పోయిందని చెప్పాను. ఖాళీ బెంచీల వైపు చూపించాను.

జవాబు పత్రాలు దిద్దే వరకు తాళం కింద ఉంచాలని నిబంధన. బీరువాకు రంగు వేయిస్తూ కట్టను ఒక్కరోజుకని నేల మీద పెట్టారట. సోమవారం ఉదయం పద్ధెనిమిదీ మార్కులతో సహా పరీక్షల విభాగంలో అప్పగించాలి. ఒకటి లేకపోతే ఆ అభ్యర్థి పరీక్షకు రానట్టే లెక్క.

"నా సంగతి ఎట్లన్నా పోనీ. ఒకసారి తప్పి, మళ్లా కట్టుకున్న పిల్లోడమ్మా. వాని సంవత్సరం పోతాది" అన్నారాయన.

"నా నౌకరీ పోతది టీచరమ్మా" అన్నాడు యాదయ్య, అంతకంటే మెల్లగా. నా ప్రొబేషన్ సంగతి నేను పైకి అనలేదు.

రిజిస్టరు తీశాను. ప్రతి లాంతరు పిడి మీదా వరుస నంబరు వేయించాను గనుక, మాకు కావలసినవి ఇరవై అయిదు నుంచి ముప్పై రెండు దాకా. పేర్లున్నాయి, ఇళ్లు నాకు తెలుసు. అప్పుడు ఇంకొకటి తట్టింది. ప్రశ్న నంబర్లు మార్జిన్లోనే వేస్తారు. మేము పిడి కోసింది ఆ మార్జిన్నుంచే. అంటే లాంతరు దొరికినా పిడి ఊడి ఎక్కడైనా పడిపోతే, ఏ జవాబు ఏ ప్రశ్నకో తేలదు.

ముగ్గురం బయల్దేరాం. ప్రాంగణంలోని క్వార్టర్లలో నాలుగు త్వరగానే దొరికాయి. తార్నాకలో ఒక తల్లి, "ఇప్పుడే పిలగాడు మేకు కొట్టి కట్టిండు, మళ్ల ఎందుకు టీచర్, బాగ చెయ్యలేదా ఏంది?" అని నొచ్చుకుంది. చాలా బాగా చేశాడు, అందుకే కావాలన్నాను. ఆ రోజు ఆడిన అబద్ధం అదొక్కటే, అదీ సగమే. రెండిళ్ల అవతల ఇంకో లాంతరును చంటివాడు నములుతున్నాడు. తడిసింది మూల మాత్రమే. అక్షరాలు నిలిచాయి.

ఏడోది ప్రొఫెసరు గారబ్బాయి రవిది. వాడు ససేమిరా ఇవ్వనన్నాడు. వేరేది చేసిస్తేనే ఇస్తానన్నాడు. శేషారెడ్డి గారు వరండా మెట్టు మీద కూర్చుని, వాళ్లింటి కాగితమే అడిగి తీసుకుని, మడిచి కత్తెర పట్టారు.

"సార్, అంచు దాకా కొయ్యొద్దు. టీచర్ తిడతది" అన్నాడు రవి.

"తిట్టదులే నాయనా" అన్నారాయన తలెత్తకుండా. మొదటిది తెగిపోయింది. రెండోదాన్ని రవి చుట్టూ తిప్పి చూసి, పర్వాలేదని తీసుకున్నాడు.

అప్పటికి అయిదయింది. మిగిలింది ముప్పై రెండో నంబరు. సీతాఫల్‌మండి నుంచి వచ్చే అనసూయది. యాదయ్యను సైకిలు మీద ముందు పంపి, మేము రిక్షా ఎక్కాం. మేము చేరేసరికి వాళ్ల వాకిట్లో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నారు. బతుకమ్మ తంగేడు, గునుగు, బంతి పూలతో మోకాలెత్తు పేర్చి ఉంది. శిఖరాన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. గౌరమ్మ మీద గొడుగులాగా నా ముప్పై రెండో నంబరు లాంతరు. కాసేపట్లో దాన్ని నీళ్లలో విడవడానికి ఎత్తుకుపోతారు.

యాదయ్య పక్కకు వచ్చి గుసగుసగా అన్నాడు. "అడిగిన టీచరమ్మా. ముసలామె ఇననే ఇనదు."

అనసూయ నాయనమ్మ మల్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది పంతులమ్మా, పేర్చిన బతుకమ్మ మీదికెల్లి తీస్తరా ఎవ్వలన్న? మీ దిక్కు గిట్లనే చేస్తరా?"

మా దిక్కున ఈ పండుగే లేదు. ఏది తప్పో ఏది కాదో నాకు తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ కాగితం మీద ఒక పిల్లవాడు పరీక్ష రాశాడని, నేను చూడకుండా కోయించానని, అది నీళ్లలో పోతే అతనికి ఏడాది పోతుందని. ఆట ఆగిపోయి, అందరూ మమ్మల్నే చూస్తున్నారు. అనసూయ కళ్లలో నీళ్లు. తన లాంతరుకు దేవుడి దగ్గర చోటు దొరికిందని మధ్యాహ్నం నుంచీ వాడకట్టంతా చెప్పుకుందట.

"ఎవ్వని కొడుకో" అంది మల్లమ్మ చివరికి. "మా తల్లి గొడుగు లేకుంటె తడుస్తదా, మునుగుతదా, ఎట్లన్న నీళ్లల్లకే పోతది. తీస్కో. కని తీసిన కాడ ఒట్టిగ ఉంచొద్దు. నీ చేత్తోని పువ్వు వెట్టు. వెట్టి ఒక సుట్టు ఆడిపో."

గుమ్మడి పువ్వు నా చేతికిచ్చింది. పెట్టాను. చప్పట్లు కొట్టడం రాకపోయినా ఒక చుట్టు తిరిగాను. శేషారెడ్డి గారు లాంతరును రెండు చేతులతో, నిండు గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డారు. పూల తడికి కాగితం మెత్తబడి, గౌరమ్మ పసుపు దానికి అంటుకుని ఉంది. పిడి మాత్రం అనసూయ జడలో దొరికింది. రిబ్బను లాగా కట్టుకుంది.

ఆదివారం ఉదయం బడి గది తెరిపించుకుని, ఎనిమిది లాంతర్లనూ బల్ల మీద పరిచాం. అంటించిన చోట తడి తగిలితే సిరా పాకుతుందని, బ్లేడుతో పొడిగానే విడదీశాను. కత్తెర ఎక్కడా అంచు దాటలేదు. ఎనిమిదేళ్ల పిల్లలు అంచుకు వేలెడు దూరంలో సరిగ్గా ఆగారు. విప్పి చదును చేస్తే ఏ కాగితానికి ఆ కాగితం నిలిచింది. కోతల మీదుగా వరుసలు చదవగలిగాం. పిడుల్ని పక్కన చేర్చాక ప్రశ్న నంబర్లూ కలిశాయి. చివరికి ముప్పై రెండో కాగితం దగ్గర ఆగాం. భూమి శిస్తు గురించిన జవాబులో మూడు లైన్లు పసుపు తడిలో కరిగి, నీలి మరకయ్యాయి.

శేషారెడ్డి గారు కింది లైను మీద వేలు పెట్టి చదివారు. "ఈ మూడు లైన్లలో వాడేం రాసినాడో నాకు తెలుసు. కింది లైను చదివితే ఎవరికైనా తెలుస్తాది" అన్నారు. జేబులోంచి పెన్ను తీశారు. అదీ నీలి సిరాయే. మూత తీసి, మరక మీదికి వంగారు.

"నిన్నటిదంతా డైరీలో రాసేశాను సార్" అన్నాను. బెదిరించాలని అనలేదు. నిజంగానే రాశాను. ఆ మాట అన్నాక ఇక నా ఉద్యోగం ఉండదని కూడా అనిపించింది. ఆయన నా వైపు చూడలేదు. పెన్నుకు మూత పెట్టారు.

సోమవారం ఉదయం ముగ్గురం పరీక్షల విభాగానికి వెళ్లాం. జరిగింది జరిగినట్టు ఎవరికి వాళ్లం రాసి సంతకం పెట్టాం. కట్ట విప్పింది, దారం తెంపింది, చూడకుండా పంచింది నేనేనని నా కాగితంలో రాశాను. విచారణ జరిగింది. ఆ పత్రాన్ని ఇంకొక పరీక్షకుని చేత దిద్దించారు. శేషారెడ్డి గారికి రెండేళ్ల పాటు పేపర్లు ఇవ్వలేదు. యాదయ్యకు మెమో ఇచ్చి ఊరుకున్నారు. నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. ఆ ఆరు నెలలూ గుమ్మంలో ప్యూను కనిపిస్తే ఉత్తర్వు తెచ్చాడేమోనని సుద్దముక్క చేతిలోనే ఆగిపోయేది.

డిసెంబరులో ఫలితాలు పత్రికలో పడ్డాయి. అప్పట్లో పేర్లుండవు, నంబర్లే. పత్రం ముఖపుట మీది నంబరు నా డైరీలో ఉంది. మూడో శ్రేణిలో ఆ నంబరు కనిపించింది. ఆ మూడు లైన్లకు మార్కులు పడ్డాయో లేదో నాకు తెలియదు. ఆ అభ్యర్థి ఎవరో కూడా తెలియదు. తన జవాబు ఒకరోజు ఎనిమిది ఇళ్లలో వేలాడిందని అతనికీ తెలిసి ఉండదు.

ఆ తర్వాత మరో ముప్పై మూడేళ్లు చేతిపని నేర్పాను. లాంతర్లు ప్రతి దసరాకూ చేయించాను. వార్తాపత్రికలు, పాత క్యాలెండర్లు, పెళ్లి శుభలేఖలు వాడాను. రాతకాగితం ఏదైనా వస్తే, రాసినవాళ్లెవరో అడిగి తెలుసుకునే దాకా కత్తెర పెట్టనివ్వలేదు. పాఠ్యప్రణాళిక నోట్సులో 'పనికిరాని వస్తువులు' అని అచ్చయిన శీర్షికను కొట్టేసి, 'అడిగి తెచ్చిన వస్తువులు' అని రాసుకునేదాన్ని. ఒక ఇన్‌స్పెక్టరు గారు అది నిబంధనకు విరుద్ధమని ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. మరుసటి ఏడు కూడా అలాగే రాశాను.