రెండో బాణం

"నా రెండు కళ్ళతో చూశానయ్యా! వాడి వాల్వు తెరిచే ఉంది!"

"చూశావు. కాదన్నానా? చూసినట్టు చిట్టాలో ఎక్కడుందో చెప్పు."

"నీ చిట్టా తగలెయ్య! ముప్పై ఏళ్ళుగా వాల్వులతో కాపురం చేస్తున్నాను. ఏది తెరిచిందో ఏది మూసిందో నాకు తెలీదా?"

"నీకు తెలుసు. పెద్ద సారుకి తెలియాలి కదా. నా మీద అరిస్తే ఏం లాభం?"

తొందరోడు రికార్డు గది తలుపు బయటే ఆగిపోయాడు. లోపల అరుస్తున్నది బాబాయ్. వరసకి ఏమీ కాడు. పంపుహౌసులో తూర్పు వాల్వు చూసే పెద్దాయన. పనిలో చేరిన రోజు నుంచీ అలా పిలవడమే అలవాటు. పడమటి వాల్వు తొందరోడిది. పక్కవాడు ఆలోచించేలోపే మీట నొక్కేస్తాడని అతనికా పేరు.

రెండింటిలో ఏదో ఒకటి తెరిచే ఉండాలన్నది అక్కడి మొదటి నియమం. చెరో షెడ్డులో కూర్చుని, అవతలి వాల్వు తెరిచి ఉందని తెర మీద చూసుకుని, తనది మూసి గొట్టంలోని జల్లెడ కడుక్కోవాలి. మీట నొక్కితే వాల్వు మూసేది కంప్యూటర్ ప్రోగ్రాము. మంగళవారం ఉదయం రెండూ మూతపడ్డాయి. నీళ్ళకి దారి లేక గొట్టం పగిలింది. ఎదురింట్లో బట్టలు కుట్టుకునే ఆవిడ మీద గోడ కూలి కాలు విరిగింది.

విచారణకి వచ్చిన పెద్ద సారు కంప్యూటర్ చిట్టా తెప్పించుకున్నాడు. పడమటిది మూసింది పది గంటల పన్నెండు నిమిషాల నలభై సెకన్లకి. తూర్పుది నలభై మూడుకి. "చివర మూసినవాడిదే తప్పు" అని తేల్చేశాడు. బాబాయ్ ఉద్యోగం ఆ మూడు సెకన్ల మీద వేలాడుతోంది.

రెండో గొంతు గుండ్రాలాయనది. ఇరవై రెండేళ్ళుగా ఆ చిట్టాలు చదవడమే ఆయన పని. చెవి మీద పెన్సిలు, ముందు పనికిరాని కాగితాల కట్ట. జరిగిన ఒక్కో పనికీ ఒక్కో గుండ్రం గీస్తాడు. ఏది దేనికి ముందో ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం వేస్తాడు. ఇంట్లో భార్యకీ చెల్లెలికీ మాటా మాటా పెరిగినా అలాగే గీశాడట. ఆ బొమ్మ చూసి ఇద్దరూ ఏకమై తన మీద పడ్డారనీ, ఇంట్లో శాంతికి అంతకంటే మంచి ఉపాయం లేదనీ చెప్పి నవ్విస్తాడు. చెప్పనిది ఇంకొకటుంది. చాలా ఏళ్ళ క్రితం మీటర్లు చూసే ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు, అతని తప్పు లేదని తేల్చే బొమ్మ గీసి కూడా, పైవాళ్ళకి భయపడి చూపించలేదు. ఇప్పటికీ ఆ మనిషి ఎదురైతే రోడ్డు దాటి అటువైపు వెళ్ళిపోతాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. బాబాయ్ తొందరోణ్ణి చూసి తడబడ్డాడు. "తిన్నావురా?" అని అలవాటుగా అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

"రావయ్యా తొందరా. నిలబడి వినేది కూర్చునే విను." గుండ్రాలాయన కాగితం ఇటు తిప్పాడు. రెండు గుండ్రాలు. తూర్పు, పడమర. "బాబాయ్‌ది తెరిచి ఉందని చూశాకే నాది మూశానని రాసిచ్చావు. అంటే ఆయన మూయక ముందే చూశావు. నీ నుంచి ఆయనకి బాణం. ఇదిగో, పడింది."

"నేను ముందు, ఆయన తరవాత. సారన్నదీ అదేగా?"

"అదే అయితే, ఆయన చూసేసరికి నీది మూసి కనిపించాలి. చూసి చూసీ మూస్తాడా? నువ్వు మూయక ముందే చూశానంటాడు. అది నిజమైతే ఆయన నుంచి నీకు రెండో బాణం. అప్పుడు చుట్టు పడుతుంది. నువ్వు ఆయనకి ముందు, ఆయన నీకు ముందు. అలాంటి వరస లోకంలో లేదు. ఒకరి పని పూర్తయ్యాక ఇంకొకరు చేసుంటే, ఎవరు ముందైనా సరే, రెండోవాడు ఆగేవాడు. ఇద్దర్నీ ఒకేసారి పోనిచ్చింది ప్రోగ్రాము. రెండోవాణ్ణి ఆపి మళ్ళీ చూసుకోమనాలి. అనలేదు. తప్పు దానిది."

"మరి గీసెయ్యండి మాస్టారూ."

"దేన్ని పట్టుకుని గీయను? చిట్టా మూసిన టైమే రాసుకుంటుంది. చూసిన టైము రాసుకోదు."

ఆ ఉదయం వైర్‌లెస్ సెట్టులో బాబాయ్ గొంతు తొందరోడికి శుభ్రంగా వినిపించింది: "నీది తెరిచే ఉంది, చూశాను. నాది మూసేస్తున్నా." అప్పటికే అతని వేలు మీట మీద ఉంది. తీయాల్సింది. నొక్కేశాడు. సెట్టులో చెప్పానని బాబాయ్ మొత్తుకుంటుంటే, "నాకేం వినపడలేదు సార్" అని సంతకం పెట్టాడు. ఇంట్లో నెల నిండని పాప ఉంది మరి.

"సెట్టుకి చిట్టా లేదు" అన్నాడు గుండ్రాలాయన, అతని మొహం చూడకుండా. "నువ్వు నొక్కక ముందే ఆయన చూశాడనడానికి ఉన్నది నీ చెవులే. వినపడిందని ఒప్పుకుంటే నీకు నష్టమే, దాచను. విని కూడా నొక్కాడంటారు. అబద్ధం రాసిచ్చాడంటారు. నీ ఉద్యోగం నిలుస్తుందని నేను మాటివ్వలేను."

"ఒప్పుకోకపోతే?"

"బాబాయ్ పోతాడు. ప్రోగ్రాము అలాగే ఉంటుంది. రేపు ఇంకో ఇద్దరు."

గుండ్రాలాయన పెన్సిలు తొందరోడి ముందు పెట్టాడు.

"రేపు పదింటికి సారు ముందు ఈ కాగితం పెడుతున్నాను" అన్నాడు. "రెండో బాణం నేను గీస్తే అది నా ఊహ. నాతో లోపలికి రా. ఆ సెట్టులో ఏం వినపడిందో నోరు విప్పి చెప్పి, దాన్ని నీ చేత్తో నువ్వే గియ్యి నాయనా."