చెవులు మూసుకుని పరుగెత్తిన రోజులు

మొన్న ఖమ్మంలో ఒక దుకాణం నడుమ, పదిమంది చూస్తుండగా, అరవయ్యేళ్లు దాటిన నేను నాలుగుసార్లు గెంతవలసి వచ్చింది. చక్కెర జబ్బుకు రోజూ వడివడిగా నడవమని, ఓపికుంటే కాస్త పరుగెత్తమని డాక్టరు చెప్పాడు. పాటలు వింటే విసుగుండదని మా అమ్మాయి నన్ను హెడ్‌ఫోన్లు కొనడానికి తీసుకుపోయింది. చెవిలోకి బిరడాల్లా దూరేవి, చెవి మీద గిన్నెల్లా బోర్లించేవి, మెడలో పట్టెడలా వేలాడేవి, అన్నీ ముందు పరిచాడు దుకాణదారు.

"ఊకె పెట్టుకుంటే తెల్వది సార్, జర ఎగురుండ్రి. జారుతదో లేదో అప్పుడే ఎరుకైతది" అన్నాడు.

ఎగిరాను. బిరడాల్లో ఒకటి ఎగిరిపోయి ఫ్రిజ్ కింద దూరింది. దానికోసం ముగ్గురు మనుషులు నేల మీద బోర్లాపడి వెతుకుతుంటే, నాకు నవ్వుతో పాటు టేకులపల్లి గుర్తుకొచ్చింది.

డిగ్రీ అయ్యాక టేకులపల్లిలో మా అక్క ఇంట్లో ఉంటూ ఫారెస్టు గార్డు ఉద్యోగానికి తయారవుతున్న రోజులవి. అంతకు ముందుసారి పరుగు పరీక్షలో సగం దూరంలోనే చతికిలబడ్డాను. వయసు దాటిపోయేలోగా మిగిలింది ఒకే ఒక్క అవకాశం. పాట వింటూ ఉరికితే ఆయాసం తెలియదని ఎవరో చెబితే, మా బావ ప్రాణంలా చూసుకునే వాక్‌మన్ మీద నా కన్ను పడింది. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నడుముకు కట్టుకుంటే ప్యాంటు జారిపోయేంత బరువుండే క్యాసెట్ పెట్టె. అక్క నెల రోజులు బతిమాలితే బావ ఇచ్చాడు గాని, "నువ్వు కింద పడ్డా పర్వాలేదు, పెట్టె మాత్రం పడొద్దు" అని మరీ ఇచ్చాడు.

పెట్టె పడలేదు, హెడ్‌ఫోనే పది అడుగులకొకసారి పడేది. సన్నటి ఇనుప పట్టీ, రెండు చివర్లా నల్లటి స్పాంజి బిళ్లలు, అంతే కదా అది. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే చాచా దగ్గరికి పట్టుకుపోయాను. తండ్రి నాటి నుంచి అదే పని వాళ్లది. ఆయన పట్టీని వంచి బిగించి ఇస్తే, మర్నాటికి నా చెవులు రెండూ పండుమిరపకాయలయ్యాయి. మళ్లీ పోతే కాసేపు ఆలోచించి, బిళ్లలను ఒక మంకీ టోపీ లోపల కుట్టేసి, గడ్డం కింద పైజామా నాడాతో ముడేశాడు.

"ఇగ తుఫానొచ్చినా ఊడది బేటా" అన్నాడు గర్వంగా.

నిజంగానే ఊడలేదు. ఎండాకాలంలో ఉన్ని టోపీ పెట్టుకుని ఉరుకుతుంటే చెమట కళ్లలోకి కారేదిగాని, చెవులు హాయిగా ఉండేవి, లోకం ఒక్క ముక్క వినిపించేది కాదు.

ఇప్పపూలు రాలే కాలం. తెల్లవారుతూనే అడవి రోడ్డున పోతున్నాను. దూరంగా పూలు ఏరుకునే ఆడవాళ్లు గంపలు పైకెత్తి ఊపుతున్నారు. నా పరుగు చూసి మెచ్చుకుంటున్నారనుకుని నేనూ చెయ్యి ఊపాను. వాళ్లు ఇంకా గట్టిగా ఊపారు, నేను ఇంకా ఠీవిగా ఛాతీ విరిచాను. ఇంతలో బ్యాటరీలు నీరసించి పాట సాగడం మొదలైంది. పాడే ఆయన గొంతు దున్నపోతు గొంతులా మారిపోతుంటే, దానికి తగ్గట్టు నా కాళ్లూ బరువెక్కాయి. ఇక నా పని అయిపోయింది, ఈ ఉద్యోగం నాకు రాసిపెట్టి లేదు అనుకుని నాడా విప్పి టోపీ తీశాను.

"గుడ్డెలుగురో! నీ ఎన్కనే ఉంది! ఉరుకు బిడ్డా, ఉరుకు!"

వెనక్కి తిరిగి చూశాను. నల్లగా, చింపిరి జుట్టుతో, ఎలుగుబంటి తాపీగా వస్తోంది. ఆ తర్వాత నేను ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. గంపల దగ్గరికి చేరి కూలబడేసరికి ఎలుగు ఎప్పుడో పక్కకు తిరిగి ఇప్పచెట్ల కిందికి పోయిందట. వాళ్లలో పెద్దావిడ నాకు నీళ్లిచ్చి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"దానికి ఇప్పపూలు గావాలె గాని, నీ ఒంట్ల బొక్కలెందుకు బిడ్డా?"

విషయం విని బావ మొదట పెట్టె తడిమి చూసుకుని, తర్వాత నన్ను చూశాడు. చాచా మాత్రం చెంపలు వేసుకుని, "మనిషికి చెవులు మూసే పని ఇగ నేను చెయ్య" అన్నాడు. పరీక్షనాడు పాటా లేదు, టోపీ లేదు. వెనక ఎలుగు ఉందనుకుని ఉరికాను. మూడోవాడిగా వచ్చాను, ఉద్యోగమూ వచ్చింది. ముప్పై ఏళ్లు ఆ అడవుల్లోనే తిరిగాను.

ఇదంతా చెప్పి మా అమ్మాయిని ఒప్పించి, చెవి పైన కొక్కెంలా కూర్చుని, బయటి చప్పుళ్లు కూడా విననిచ్చే రకం కొనిపించాను. నిజం చెప్పాలంటే చాలా సుఖంగా ఉంది. ఉందన్న సంగతే మరచిపోతాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కారేపల్లి రోడ్డు మీద, నిక్కరూ బూట్లూ వేసుకుని రొప్పుతూ పోతుంటాను. ఆ కాలంలో మనిషి ఊరికే పరుగెత్తడమనేది ఉండేది కాదు. ఎవడైనా ఉరుకుతున్నాడంటే ఎవరికో పాము కరిచి ఉండాలి, లేదా బస్సు వెళ్లిపోతుండాలి. టేకులపల్లిలో నేను ఉరకడం మొదలుపెట్టిన వారం, ప్రతి ఇంటి ముందూ ఆగి ఎవరూ చావలేదని చెప్పుకోవలసి వచ్చేది. "ఏందయ్యా, ఏమైంది? దవాఖానకా?" అంటూ చేతిలో పని వదిలేసి నాతోపాటు కొంతదూరం ఉరికినవాళ్లు కూడా ఉన్నారు. అప్పట్లో అది పెద్ద తలనొప్పి అనిపించేది.

ఇప్పుడు ఎవరూ తలైనా తిప్పరు. వీడికి చక్కెర జబ్బని చూడగానే తెలిసిపోతుంది కాబోలు. ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే ఆ కాస్త సందులో, ఎవరైనా ఏమైందని అడుగుతున్నారేమోనని చెవి రిక్కిస్తాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.