పడుగు తెంపిన పండితుడు

డెబ్బైల చివరి మాట. వరంగల్‌లో ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. చదువుతూ, ‘ప్రాచీన భారతంలో నేత సంప్రదాయాలు’ అని ఒక పెద్ద వ్యాసం రాశాను. సింధులోయ నూలు నుంచి శాతవాహనుల కాలపు బట్టల దాకా దేన్నీ వదల్లేదు. మట్టెవాడలోని మా ఇంట్లో నాన్న పొద్దస్తమానం నేసే మగ్గాన్ని మాత్రం ఏనాడూ ముట్టలేదు. అంతటి పండితుడికి తీరిక ఎక్కడిది?

వ్యాసం మెచ్చుకున్న మా ప్రొఫెసర్ గారు ఒక ఆదివారం మగ్గం చూడటానికి ఇంటికే వచ్చారు. “నువ్వే నేసి చూపించవోయ్” అన్నారు. రాదని చెప్పడానికి నోరు రాలేదు. నాన్న వద్దని సైగ చేస్తున్నా, దర్జాగా మగ్గం గుంటలోకి కాళ్లు దించి, పేక దారం మోసే నాడె విసిరాను. అది సగం దారిలో పడుగులోని నిలువు పోగుల మధ్య ఇరుక్కుంది. చూసుకోకుండా మగ్గం పలకతో బలంగా గుద్దేసరికి పోగులు పటపటా తెగిపోయాయి. మర్నాడు వర్ధన్నపేట పెళ్లివాళ్లు తీసుకెళ్లాల్సిన చీర అది!

నాన్న తిట్టలేదు. “జర లే బిడ్డా” అని నన్ను లేపి, తాను కూర్చుని తెగిన పోగులు ఒక్కొక్కటే అతకసాగాడు.

ప్రొఫెసర్ గారు దగ్గరికి వంగి, “ఈ విద్య ఎన్నేళ్ల నాటిదండీ?” అని ఆయన్ని అడిగారు.

“నాకేమెరుక సారూ, నాకు నేసుడే ఎరుక. అదంత మావోన్ని అడుగుండ్రి, వాడు చదువుతాండు గద” అన్నాడు నాన్న తలెత్తకుండా.

నాన్న సాయంత్రం దాకా మగ్గం మీంచి లేవలేదు. ఆ ఏడాది పరీక్షలో మాత్రం క్లాసు మొత్తంలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. తెగిన పోగు ఎలా అతకాలో అందులో ఎవరూ అడగలేదు మరి!