తప్పులన్నీ భానుప్రకాశ్‌వే

ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పేసుకోవడం పుంగనూరు భానుప్రకాశ్‌కున్న ఒకే ఒక్క జబ్బు. బస్సు ఆలస్యమైతే కండక్టరుకు క్షమాపణ చెబుతాడు. క్లాసులో కరెంటు పోతే లేచి నిలబడతాడు. క్యాంటీన్‌లో సాంబారు చప్పగా ఉంటే, "తప్పు నాదేలే అప్పా, ముందే ఉప్పు అడగాల్సింది" అని వంటాయన్ని ఓదారుస్తాడు.

సుప్రియకు ఇదంటే ఒళ్లుమంట. మదనపల్లె పక్కన అంగళ్లు కాలేజీలో ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుకు ఆమె లీడరు. కుప్పం జాస్మిన్, ఈ మహానుభావుడు ఆమె జట్టు. సోషల్ నెట్‌వర్క్ యాప్‌లు తయారుచేసేవాళ్లకు లాగిన్, ఫ్రెండ్ రిక్వెస్టు, మెసేజీ లాంటి భాగాలు సిద్ధంగా అందించే కిట్టు వాళ్లు కడుతున్నది. అందులో ఎర్రర్ మెసేజీలు రాసే పని భానుప్రకాశ్‌కు అప్పజెప్పారు. ఎవరైనా పాస్‌వర్డ్ తప్పు కొడితే, "మీరు సరిగానే కొట్టింటారు, మాకే అర్థం కాలేదు" అని తెర మీద వచ్చేది.

"యాల ఇట్ల రాసినావు? తప్పు వాళ్లది గదా," అంది సుప్రియ.

"వాళ్లదంటే బాధపడతారమ్మా. నాదంటే ఎవురికీ నష్టం లేదు."

డెమో రోజు రానే వచ్చింది. అది చెడితే సుప్రియకు బెంగళూరులో దొరికిన ఉద్యోగం పోయినట్టే. పరీక్షకుడు దయానందం గారు, "ఏదో ఒక మెసేజీ అందరికీ పంపమ్మా," అన్నారు. ఆమె "టమోటా పెట్టెలు ఫ్రీ" అని కొట్టి పంపింది.

అది ఉత్తుత్తి నంబర్లకు పోవాల్సిన మెసేజీ. కానీ అంతకుముందు ప్రయత్నించి చూద్దామని సుప్రియ, మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా మండీ నడిపే నాన్న ఫోన్లోంచి వ్యాపారుల నంబర్లన్నీ ఎక్కించి, తీసేయడం మరిచిపోయింది. పంపినవారి పేరు దగ్గర కూడా అప్పుడు కొట్టిన మండీ పేరే ఉంది. కాసేపటికి ఆమె ఫోన్ మోగింది.

"ఏమ్మా, మన మండీ ముందర జనం లైను కట్టుండారు. ఫ్రీ అని సెప్పింది ఎవురు?" నాన్న రామచంద్ర గొంతు గదంతా వినబడింది.

దయానందం గారు కళ్లజోడు తీశారు. "ఇది ఎవరి నిర్వాకం? వాళ్లు ప్రాజెక్టు మళ్లీ చేయాల్సిందే."

"తప్పు నాదే సార్," అంటూ భానుప్రకాశ్ లేచాడు.

సుప్రియకు ప్రాణం లేచొచ్చింది. పక్కనుంచి జాస్మిన్ గొణిగింది. "మొదట్లో నేను ల్యాబ్ సర్వర్ చెడగొట్టినప్పుడూ ఇట్లే అన్న్యాడు సుప్రియా. లేకుంటే ఆ పొద్దే కుప్పం రైలెక్కేసుందును."

సుప్రియకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ జట్టులో ఎవరూ భయంతో ఏదీ దాచలేదంటే, తిట్లు తినడానికి ఒకడు ముందే సిద్ధంగా ఉన్నాడు కాబట్టే.

"కాదు సార్. ఆ నంబర్లు ఎక్కించింది నేను."

"గుర్తుచేయాల్సింది నేను గదా సార్."

"నువ్వు గమ్మునుండు."

తప్పు నాదంటే నాదని కొట్లాడుకునేవాళ్లు దయానందం గారికి ఎప్పుడూ తగల్లేదు. ఆయన నవ్వు ఆపుకున్నారు. "మెసేజీ అందరికీ చేరింది కాబట్టి మీ కిట్టు పనిచేసినట్టే. పాస్ చేస్తున్నా. ముందు పోయి ఆ జనాన్ని పంపించండి."

యార్డుకు పోయే ఆటోలో భానుప్రకాశ్ మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతని చేతిలోంచి తప్పు లాక్కున్నవాళ్లు లేరు. చాలాసేపు ఆలోచించి, తినేదాంట్లో సగం పంచిచ్చేవాడిలా అన్నాడు:

"సరే, ఈ ఒక్కటీ నువ్వు పెట్టుకో సుప్రియా. మండీ కాడ జనానికి మాత్రం నేనే సెప్పుకుంటా."