గాలిమోటరుకు జెండా పట్టిన రోజులు

డెబ్బైల మొదట్లో బోధన్ చుట్టుపక్కల చెరుకు ఆకులకు బంక కట్టే పురుగు పట్టింది. విమానంతో, మా ఊరి మాటలో గాలిమోటరుతో, మందు చల్లే ఒక ప్రైవేటు కంపెనీ వచ్చి, ఊరి బయట బీడు చదును చేయించి దిగింది. పొలాలన్నీ తెలిసిన మనిషి కావాలంటే నేను పోయాను. నాకప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం లేదు. టెంపరరీగా పెట్టుకున్నారు. తెల్లజెండా పట్టుకొని చెరుకుతోట చివర నిలబడాలి. పైలట్ ఆ జెండాను చూసుకుంటూ సూటిగా వచ్చి మందు వదులుతాడు. ఒక వరుస అయ్యాక నేను కొన్ని అడుగులు పక్కకు జరగాలి. విమానం మళ్లీ వస్తుంది.

పైలట్ హైదరాబాదు మనిషి, యాభై దాటినవాడు, ఉర్దూ తప్ప మాట్లాడడు. మొదటి రోజు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకొని పైకి తీసుకుపోయాడు. నేను పుట్టి పెరిగిన నేలను నేనే గుర్తుపట్టలేకపోయాను. ఆయన నవ్వి, ఒక్కొక్కటే చూపించాడు. అది రైలు పట్టా, అది నిజాంసాగర్ కాలువ, అది మంజీర. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం దగ్గర తిరిగి కాలువ పట్టుకుంటే, మూడో పిల్లకాలువ దగ్గరిది మనం మందు చల్లే తోట. పొగ ఎటు వంగితే గాలి అటు. ఎదురుగా గడియారం లాంటి దానిలో ఒక ముల్లు వణుకుతూ ఉంది. హైదరాబాదు రేడియో స్టేషన్ ఎటుందో అటు తిరుగుతుందట.

"ఇది నన్ను ఇంటికి చేరుస్తుంది గానీ, నీ చెరుకుతోట దీనికి తెలియదు. కిందికి దిగాక నాకు కళ్లే దిక్కు" అన్నాడు.

ఆ మనిషంటే నాకు గౌరవం కలిగింది. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నోరు చేదవుతోంది.

రెండో పిల్లకాలువ దగ్గర ఒక అక్క ఉండేది. మొగుడు పోయినామె. రెండు బర్రెలు పెట్టుకొని బోధన్‌లో పాలు పోసేది. పొద్దున జెండాతో పోతుంటే ఆపి, "చాయ తాగిపో తమ్మీ" అనేది. రోజూ తాగేవాడిని.

మందు చల్లే ఊరిలో ముందురోజు చాటింపు వేయించాలి. పశువులను కొట్టంలో కట్టేయాలని, తెల్లబట్టలు ఆరేయొద్దని. ఆ అక్క ఉండే వైపు మా జాబితాలో లేదు, కాబట్టి చాటింపు వేయలేదు.

ఆ రోజు మంచు బాగా కురిసింది. మూడో కాలువ దగ్గర జెండా పట్టుకొని నిలబడ్డాను. విమానం చప్పుడు వినిపించింది, కానీ నా వైపు రాలేదు. పొగగొట్టం కనబడక, ఆయన ఒక కాలువ ముందే తిరిగాడు. అక్కడ గట్టు మీద అక్క ఆరేసిన తెల్లబట్ట కనబడింది. దాన్నే జెండా అనుకున్నాడు; అది పక్కకు జరగడం లేదని ఆ మంచులో పోల్చుకోలేకపోయాడు. నేను జెండా ఊపుకుంటూ, అరుచుకుంటూ ఉరికాను. నేను చేరేసరికి మూడు వరుసలు అయిపోయాయి. పచ్చగడ్డి మీద, నీళ్ల తొట్టి మీద, బర్రెల మీద మందు తుంపర. మూడో రోజుకు రెండు బర్రెలూ చచ్చిపోయాయి.

"గల్తీ నాదే" అని పైలట్ క్యాంపులో నాతో తప్పు ఒప్పుకున్నాడు. నాతోనే అన్నాడు.

విచారణకు కంపెనీ ఆఫీసరు వచ్చాడు. ముందే రాసిన కాగితం నా ముందు పెట్టాడు. చాటింపు వేయించామని, ఆమె వినకుండా బర్రెలను బయట కట్టి, తెల్లబట్ట ఆరేసిందని అందులో ఉంది.

"సంతకం పెట్టు. పైలట్ మీదికి వస్తే క్యాంపు ఎత్తేస్తరు. నీ నౌకరీ గూడ పోతది."

పైలట్ వైపు చూశాను. ఆయన కిటికీలోంచి విమానాన్ని చూస్తూ నిలబడ్డాడు. సంతకం పెట్టాను.

బర్రెలు పోయిన అక్కకు కంపెనీ ఏమీ ఇవ్వలేదు. వారం తర్వాత దారిలో నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను.

"సాటింపు ఏసిండ్రంట గదా తమ్మీ. నాకైతే ఇనవడలే. నువ్వు ఇన్నవా?"

నేను చేతిలోని జెండాను కర్రకు చుట్టసాగాను. ఆమె ఆ జెండా వైపు చూసింది.

"సరే, పో. నీకు పనికి యాళ్లయితుంది" అంది.

మరుసటి ఏడు నన్ను పర్మనెంటు చేశారు. పైలట్ సీజను అయిపోగానే వెళ్లిపోయాడు, పోతూ నాకు చేయి కలిపాడు. నేనూ కలిపాను. అక్క చెరుకు నరికే కూలీల్లో చేరింది. ఒకనాడు కంపెనీ సైకిల్ మీద ఆ గట్టు వెంట పోతుంటే, చెరుకు మోపు నెత్తిన పెట్టుకొని ఎదురొచ్చింది. దిగి నిలబడ్డాను. ఆమె తల వంచుకొని, ఆఫీసువాళ్లకు అందరూ ఇచ్చినట్టే, పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.